పుట్టాక ఆగిపోయిన జీన్‌ని మళ్ళీ పనిలోకి దించొచ్చా? (సికిల్ సెల్ గురించి, కాస్త పెద్ద పోస్ట్)

నాగావళి గట్టు:
మాది శ్రీకాకుళం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో మాలిక్యులర్ బయాలజీ రీసెర్చ్ చేస్తున్నాను. పండక్కి ఊరొచ్చినప్పుడల్లా "ఏటి బావూ నువ్వు చేసే పని" అని అడుగుతారు, "జీన్ రెగ్యులేషన్, ఎపిజెనెటిక్స్" అంటే "ఓహో" అని టీ తాగి వెళ్ళిపోతారు. ఇక్కడ సైన్స్ చదివినవాళ్ళు, ఏజెన్సీలో పనిచేసేవాళ్ళు ఉన్నారు కదా అని తీరిగ్గా రాస్తున్నాను. బోర్ కొడితే వదిలేయండి.

మన ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉన్నది ఒకే డీఎన్‌ఏ. (ఎర్ర రక్తకణాలు తయారయ్యేటప్పుడే కేంద్రకాన్ని బయటికి తోసేస్తాయి, వాటిని పక్కన పెట్టండి.) ప్రోటీన్లు తయారుచేసే జీన్లు సుమారు 20 వేలు ఉంటాయి, కానీ ఏ కణమూ అన్నిటినీ వాడదు. కంటి కణానికీ కాలేయం కణానికీ తేడా అక్కడే వస్తుంది, ఏ జీన్ నడవాలి, ఏది ఆగాలి, ఎప్పుడు ఆగాలి అన్న దగ్గర. ఆ నడపడం, ఆపడం ఎలా జరుగుతుందో చూడడమే మా పని.

సికిల్ సెల్ సంగతి తీసుకోండి. ఎర్ర కణాల్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌లో ఒక గొలుసుని తయారుచేసే బీటా గ్లోబిన్ జీన్‌లో ఒకే ఒక్క అక్షరం మారుతుంది, 'ఏ' ఉండాల్సిన చోట 'టీ'. దాంతో ప్రోటీన్‌లో ఆరో చోట గ్లుటామిక్ ఆసిడ్ బదులు వాలీన్ వచ్చి కూర్చుంటుంది. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ హిమోగ్లోబిన్ పోగులుగా అతుక్కుని ఎర్ర కణాన్ని కొడవలిలా వంచేస్తుంది, సన్నటి రక్తనాళాల్లో కణాలు ఇరుక్కుంటాయి, నొప్పి మొదలవుతుంది. ఇక్కడిదాకా చాలామందికి తెలుసు. అయితే ఈ జబ్బుతో పుట్టిన పిల్లలు మొదటి కొన్ని నెలలు మామూలుగానే ఉంటారు. 1948లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరమ్మ ఇది పట్టుకుంది. తల్లి కడుపులో బిడ్డ వాడే హిమోగ్లోబిన్ వేరు, ఫీటల్ హిమోగ్లోబిన్ అంటారు. దానికి కావలసిన గొలుసుని తయారుచేసేది గామా గ్లోబిన్ జీన్. దాంట్లో ఆ అక్షరం మార్పు లేదు. పుట్టాక గామా నెమ్మదిగా తగ్గి బీటా అందుకుంటుంది, ఆరు నెలలు అటూ ఇటూగా జబ్బు బయటపడుతుంది.

గామా జీన్ ఎక్కడికీ పోదు. 11వ క్రోమోజోమ్ మీద, బీటాకి కాస్త దూరంలోనే, ఏ లోపమూ లేకుండా జీవితాంతం అలాగే పడి ఉంటుంది. దాన్ని మళ్ళీ నడిపించగలిగితే? ప్రపంచంలో బోలెడు ల్యాబ్‌లు దశాబ్దాలుగా తిరుగుతున్నది ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే. నా పని కూడా దీనికి దగ్గరి చుట్టమే.

కోట జంక్షన్:
అంటే పాడైన జీన్‌ని పాడైనట్టే వదిలేసి పాతదానితో బండి లాగించేద్దామంటారు. ఐడియా బానే ఉంది. మరి ఆ పాతదాన్ని ఆపింది ఎవరు? ఆపింది ఒంటికి మంచికేనేమో, మనం వేలు పెడితే ఇంకోటి చెడదా?

నాగావళి గట్టు:
@కోట జంక్షన్ సరైన చోటే పట్టుకున్నారు అన్నా. రెండో ప్రశ్నకి ముందు జవాబు. కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే గామా ఆగదు, పెద్దయ్యాక కూడా ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువగానే ఉంటుంది, వాళ్ళు హాయిగా బతుకుతున్నారు. అలాంటివాళ్ళకి సికిల్ జీన్ కూడా తోడైతే జబ్బు లక్షణాలు చాలా తక్కువ. ప్రకృతి చేసిన ప్రయోగం ఇది. అందుకే ధైర్యం వచ్చింది.

ఆపింది ఎవరు అన్నది తేలడానికి 2008 దాకా పట్టింది. కొందరిలో ఫీటల్ హిమోగ్లోబిన్ ఎందుకు కొంచెం ఎక్కువ ఉంటుందో వెతుకుతూ వేలమంది డీఎన్‌ఏ పోల్చి చూస్తే, తేడా 2వ క్రోమోజోమ్ మీద బీసీఎల్11ఏ అనే జీన్ దగ్గర కనిపించింది. హార్వర్డ్‌లో స్టువర్ట్ ఆర్కిన్ దగ్గర పనిచేస్తున్న విజయ్ శంకరన్ దాన్ని తగ్గించి చూశాడు, గామా లేచింది. ఆ జీన్ తయారుచేసే ప్రోటీన్ పేరూ బీసీఎల్11ఏనే, అది గామా జీన్ ముందుండే ప్రమోటర్ (జీన్ చదవడం మొదలయ్యే చోటు) దగ్గర కూర్చుంటుంది. ఒంటరిగా రాదు, హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల) మీద ఎసిటైల్ గుర్తుల్ని తీసేసే ఎంజైములున్న గుంపుని వెంటబెట్టుకొస్తుంది. మరోవైపు గామా ప్రమోటర్ డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు పడతాయి. ఈ గుర్తుల పనే ఎపిజెనెటిక్స్. అక్షరాలు ఏమీ మారవు, వాటిని చదవనిస్తారా లేదా అన్నదే మారుతుంది. కణం రెండుగా విడిపోయినప్పుడు మిథైల్ గుర్తుల్ని కొత్త పోగు మీద కాపీ చేసే ఎంజైమ్ ఒకటుంది, డీఎన్ఎంటీ1. అందుకే ఒకసారి ఆగిన జీన్ తరతరాల కణాల్లో ఆగే ఉంటుంది.

బైపీసీ మేష్టారు:
మా పిల్లలకి లాక్ ఒపెరాన్ (బ్యాక్టీరియాలో లాక్టోజ్‌ని వాడుకునే జీన్ల గుంపు) చెప్తాను, జాకబ్, మోనో, 1961. రిప్రెసర్ అనే ఆపే ప్రోటీన్ కూర్చుంటే ఆఫ్, లాక్టోజ్ వస్తే లేచిపోతుంది, ఆన్. పరీక్షకి అది చాలు. మనిషి దగ్గరికి వచ్చేసరికి అంత సులువుగా ఉండదని చెప్పాలంటే ఒక ఉదాహరణ వాడతాను. పొందూరు ఖద్దరు పంచె మడతపెట్టి బీరువాలో పెడితే అంచు ఎలా ఉందో కనపడదు, మడత విప్పితేనే కనిపిస్తుంది. ఒక కణంలో డీఎన్‌ఏ సాగదీస్తే 2 మీటర్లు, ప్రతి 147 అక్షరాల జతల చొప్పున ఒక హిస్టోన్ ముద్ద చుట్టూ చుట్టుకుని ఉంటుంది. గట్టిగా మడిచిన చోట జీన్ పలకదు. సరేనా బాబూ, ఇందులో తేడా ఏమైనా ఉందా?

నాగావళి గట్టు:
@బైపీసీ మేష్టారు ఉదాహరణ బాగుంది మేష్టారూ, పిల్లలకి అలాగే చెప్పండి. ఒక్కటి కలపండి: మడత విప్పినంత మాత్రాన జీన్ నడవదు. నడిపేవాళ్ళు రావాలి. గ్లోబిన్ జీన్లకి ఆ నడిపే భాగం చాలా దూరంలో ఉంటుంది, లోకస్ కంట్రోల్ రీజియన్ అంటారు. డీఎన్‌ఏ వంగి, ఆ భాగం వచ్చి గామాకో బీటాకో ఆనుకుంటుంది. ఒక సమయంలో ఒకదానికే. గామా దగ్గర అడ్డం తీసేస్తే అది గామాకి ఆనుకుంటుంది, బీటా వాటా తగ్గుతుంది, అంటే చెడ్డ హిమోగ్లోబిన్ కూడా తగ్గుతుంది. ఒకే దెబ్బకి రెండు లాభాలు, నాకు ఈ మొత్తం కథలో ఎక్కువ నచ్చేది ఇదే.

సాలూరు ఘాట్:
నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఏజెన్సీ పీహెచ్‌సీలో. థియరీ సంగతి మీరు చూసుకోండి గానీ ఇక్కడ పరిస్థితి చెప్తాను. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టిన దగ్గర్నుంచి స్క్రీనింగ్ క్యాంపులు పెరిగాయి, ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ళ లోపు అందరికీ టెస్ట్, 2047 నాటికి నిర్మూలన అని టార్గెట్. ముందు సాల్యుబిలిటీ టెస్ట్, పాజిటివ్ వస్తే హెచ్‌పీఎల్‌సీ (ఏ రకం హిమోగ్లోబిన్ ఎంతుందో విడదీసి చూపే టెస్ట్). సాల్యుబిలిటీతో జబ్బా, క్యారియరా (సికిల్ జీన్ ఒక్కటే ఉన్న మనిషా) అన్నది తేలదు, రెండూ పాజిటివే చూపిస్తాయి. ఈ తేడా చెప్పకుండా కార్డు చేతిలో పెడితే జరిగేది ఏటంటే, క్యారియర్ అమ్మాయికి "రక్తం జబ్బు" అని పేరు పడి పెళ్ళి సంబంధం పోతుంది. కళ్ళారా చూశాను. క్యారియర్ జబ్బు మనిషి కాదు. ఇద్దరు క్యారియర్లు పెళ్ళి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు, అంతే.

ఇంకో మాట, నాకు తెలియకే అడుగుతున్నా. మా దగ్గర కొంతమందికి హెచ్‌పీఎల్‌సీ రిపోర్ట్‌లో హెచ్‌బీఎఫ్ చాలా ఎక్కువ కనిపిస్తుంది. వాళ్ళు ఆస్పత్రికి వచ్చేది తక్కువ. కారణం ఇదేనా?

నాగావళి గట్టు:
@సాలూరు ఘాట్ అదే అన్నా, హెచ్‌బీఎఫ్ అంటే ఫీటల్ హిమోగ్లోబినే. మన దేశంలో ఆదివాసుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ జీన్ అరబ్-ఇండియన్ రకం డీఎన్‌ఏ నేపథ్యంలో ఉంటుంది, దాంతో పాటు గామా ప్రమోటర్‌లో ఒక చిన్న తేడా కూడా వస్తుంది. అందువల్ల ఆఫ్రికా రకాలతో పోలిస్తే చాలామందికి ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువ, జబ్బు తీవ్రత సగటున తక్కువ. సగటున అన్న మాట గట్టిగా పట్టుకోండి. అదే ఊళ్ళో, అదే జీన్‌తో, నెలనెలా నొప్పితో మెలికలు తిరిగే పిల్లలు కూడా ఉంటారు. "మనవాళ్ళకి మైల్డే" అని మందు రాయకుండా పంపేసే డాక్టర్ల మీద నాకు కోపం.

పార్వతీపురం అమ్మ:
నమస్తే అండి. మా బాబుకి సికిల్ జబ్బు అని తేలింది. హైడ్రాక్సీయూరియా రాశారు. మందుల షాపులో అడిగితే క్యాన్సర్ మందమ్మా ఇది, చిన్నపిల్లాడికి ఎందుకు అన్నారు. అప్పట్నుంచి ఒకటే టెన్షన్. ఇది కూడా మీరు చెప్పే గామానే లేపుతుందా?

నాగావళి గట్టు:
@పార్వతీపురం అమ్మ అవునండి, అదే. కొన్ని రక్త క్యాన్సర్లకి కూడా వాడతారు, అందుకే షాపులో అలా అన్నారు. మీ బాబుకి క్యాన్సర్ అని కాదు. ఈ మందు వేసుకుంటే ఎముక మజ్జ ఒక రకమైన ఒత్తిడిలో పడి, ఫీటల్ హిమోగ్లోబిన్ ఎక్కువున్న కణాల్ని బయటికి పంపుతుంది. 1995లో అమెరికాలో పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది, నొప్పి ఎటాక్‌లు దాదాపు సగానికి తగ్గాయి. 1998లో అక్కడ పెద్దవాళ్ళకి అనుమతి ఇచ్చారు, తర్వాత పిల్లలకీ వాడుక వచ్చింది.

అంతకు ముందు ఒక ముచ్చట ఉంది. 1982లో అజాసైటిడిన్ అనే మందు ఇచ్చి చూశారు, ముందు బబూన్ కోతులకి, తర్వాత మనుషులకి. అది మిథైల్ గుర్తుల్ని కాపీ చేసే డీఎన్ఎంటీ1ని అడ్డుకుని, ఆ గుర్తులు చెరిగిపోయేలా చేసే మందు. గామా లేచింది! గుర్తు తుడిస్తే జీన్ లేస్తుందని మనిషిలో కనిపించిన తొలి రోజులవి. కానీ ఆ మందు ఒక్క గామా దగ్గరే తుడవదు, జీనోమ్ అంతా తిరుగుతుంది, ఆ భయం వల్ల సికిల్‌కి రోజువారీ మందు కాలేకపోయింది. ఇప్పుడు దాన్ని ఎముక మజ్జ జబ్బు ఎండీఎస్‌లో వాడుతున్నారు.

సాలూరు ఘాట్:
@పార్వతీపురం అమ్మ అక్కా, డాక్టర్‌ని అడక్కుండా మొదలుపెట్టొద్దు, ఆపొద్దు, డోస్ మార్చొద్దు. ఈ మందు మీద ఉన్నప్పుడు రక్తం కౌంట్ క్రమం తప్పకుండా చూడాలి, తెల్లకణాలు తగ్గితే వాళ్ళే కొన్నాళ్ళు ఆపి మళ్ళీ ఇస్తారు. నీళ్ళు బాగా తాగించండి, చలిలో తిప్పకండి, జ్వరం వస్తే ఇంట్లో ఉంచకుండా ఆస్పత్రికి తీసుకురండి. ఐదేళ్ళ లోపు అయితే పెన్సిలిన్ గురించి కూడా అడగండి.

పలాస జీడిపప్పు:
మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు... షుగర్, బీపీ లేకుండానే కిడ్నీలు పోతున్నాయి, ఇంటికో ఫొటో గోడెక్కింది. 2023 డిసెంబర్‌లో పలాసలో రీసెర్చ్ సెంటర్, ఆస్పత్రి ప్రారంభించారు. మీ ఎపిజెనెటిక్స్ కోణంలో ఇక్కడ ఎవరైనా చూడొచ్చు కదా? నీళ్ళో మందులో ఎండో, ఏదైనా ఒంట్లో గుర్తు వేసే ఉంటుంది.

నాగావళి గట్టు:
@పలాస జీడిపప్పు చూడొచ్చు. చూడాలి కూడా. కానీ "ఎపిజెనెటిక్స్ వల్ల" అని ఎవరైనా రాస్తే వెంటనే నమ్మకండి, ఎందుకో చెప్తాను. మిథైల్ గుర్తులు కణం రకాన్ని బట్టి మారతాయి. కిడ్నీ ముక్క తీసి చూడడం కష్టం కాబట్టి అందరూ రక్తం తీసి చూస్తారు, అందులో కనిపించేది తెల్లకణాల గుర్తులు, కిడ్నీవి కావు. పైగా కిడ్నీ దెబ్బతిన్న మనిషి రక్తంలో తెల్లకణాల నిష్పత్తే మారిపోతుంది, దాంతో గుర్తులు మారినట్టు కనిపిస్తుంది. అంటే జబ్బు వల్ల గుర్తు వచ్చిందా, గుర్తు వల్ల జబ్బు వచ్చిందా తేలదు. తేల్చాలంటే ఆరోగ్యంగా ఉన్న యువకుల రక్తం ఇప్పుడు తీసి దాచి, ఏళ్ళ తరబడి వాళ్ళని వెంబడించి, జబ్బు వచ్చినవాళ్ళ పాత శాంపిల్ వెనక్కి తిరిగి చూడాలి. ఫ్రీజర్‌కి కరెంటు పోకుండా ఉండాలి, ప్రభుత్వాలు మారినా డబ్బు ఆగకూడదు. సైన్స్ కంటే అదే కష్టం.

పలాస జీడిపప్పు:
కరెంటు దగ్గరే ఆగిపోద్ది మాకు. సరే, అర్థమైంది తమ్ముడూ.

కోట జంక్షన్:
నాకు వాట్సాప్‌లో ఒకటి వచ్చింది. "ఎపిజెనెటిక్ రీసెట్ పౌడర్, డీఎన్‌ఏ గుర్తులు 21 రోజుల్లో క్లీన్, అసలు వయసు పదేళ్ళు వెనక్కి." డబ్బా నాలుగు వేలు. మా బావ ఆర్డర్ పెట్టేశాడు.

నాగావళి గట్టు:
క్యాన్సిల్ అవుద్దేమో చూడమనండి. మిథైల్ గుర్తుల్ని బట్టి వయసు అంచనా వేయడం నిజమే, 2013లో స్టీవ్ హోర్వాత్ 353 చోట్ల గుర్తులు చూసి లెక్క కట్టే పద్ధతి ఇచ్చాడు. అది కొలిచే పద్ధతి. పౌడర్‌తో ముల్లు వెనక్కి తిప్పినట్టు ఎవరూ నిరూపించలేదు. అసలు అన్ని గుర్తులూ "క్లీన్" అయితే కాలేయం కణం తను కాలేయాన్నని మర్చిపోతుంది, చచ్చిపోతాం.

బైపీసీ మేష్టారు:
పౌడర్ల వాళ్ళు చూపించేది అగౌటి ఎలుకల ఫొటో. 2003లో వాటర్‌లాండ్, జర్టిల్ చేసిన పని. తల్లి ఎలుకకి ఫోలిక్ ఆసిడ్, బీ12 లాంటివి కలిపి పెడితే పసుపురంగు పిల్లల బదులు గోధుమరంగువి ఎక్కువ పుట్టాయి. ప్రయోగం నిజం. కానీ ఆ రంగు జీన్ దగ్గర బయటి డీఎన్‌ఏ ముక్క ఒకటి అతుక్కుని ఉన్న ఎలుకల్లోనే అది జరుగుతుంది. మనిషికి ఎక్కువ చెప్పుకునేది నెదర్లాండ్స్ కరువు, 1944-45 చలికాలం. ఆ కరువులో కడుపున పడ్డ పిల్లల్ని 60 ఏళ్ళ తర్వాత చూస్తే ఐజీఎఫ్2 అనే జీన్ దగ్గర మిథైల్ గుర్తులు, వాళ్ళ తోబుట్టువులతో పోలిస్తే కొంచెం తక్కువ ఉన్నాయి. 2008లో వచ్చింది ఆ పేపర్.

రాగోలు వరి:
అలగయితే మన గంజాం కరువు సంగతో? 1866లో ఒరిస్సా, గంజాం ఎండిపోయి జనం పిట్టల్లా రాలిపోయారని చదివాను. అప్పుడు మన టెక్కలి, ఇచ్ఛాపురం అంతా గంజాం జిల్లాయే కదా. ఇప్పుడు మనకి ఇంత షుగర్ రావడానికి ఆ కరువు గుర్తులే కారణమా? ఇంకోటి, ఎండకి తట్టుకున్న చేలో విత్తనం దాచి వేస్తే మరుసటేడు గట్టిగా నిలబడుతుందని మా నాన్న నమ్మకం.

నాగావళి గట్టు:
@రాగోలు వరి బాబాయ్, 1866 నుంచి ఇప్పటికి ఐదారు తరాలు. మనిషిలో (ఎలుకలోనూ) ఈ గుర్తులు రెండుసార్లు దాదాపుగా చెరిగిపోతాయి, ఒకసారి పిండం మొదలైన రోజుల్లో, ఇంకోసారి ఆ పిండంలో వీర్యకణాలు, అండాలకి మూలమైన కణాలు తయారయ్యేటప్పుడు. అక్కడక్కడ కొన్ని తప్పించుకుంటాయి, కానీ ఐదు తరాలు దాటి మనుషుల్లో షుగర్ తెచ్చే గుర్తు వచ్చిందని చూపించిన ఆధారం లేదు. నెదర్లాండ్స్ సంగతి కూడా కడుపులో ఉన్నవాళ్ళ మీదే, మనవళ్ళ మీద కాదు. మన షుగర్‌కి పాలిష్ బియ్యం, కదలకుండా కూర్చోవడం చాలు, కరువు దాకా వెళ్ళక్కర్లేదు.

మొక్కల దగ్గర మాత్రం మీ నాన్నగారి మాటని కొట్టిపారేయలేం. మొక్కల్లో మిథైల్ గుర్తులు అంతలా చెరిగిపోవు. 250 ఏళ్ళకి పైగా ముందు లిన్నేయస్ ఒక వింత పువ్వు వర్ణించాడు, లినేరియా మొక్కది, మామూలుగా పక్కకి వంగి ఉండే పువ్వు అన్ని వైపులా సమానంగా వచ్చింది. 1999లో చూస్తే దాని డీఎన్‌ఏ అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, ఒక జీన్ మీద మిథైల్ గుర్తులు నిండిపోయాయి, అది విత్తనాల ద్వారా కూడా వస్తోంది. అలాగని ఎండ దెబ్బ తిన్న ప్రతి వరి విత్తనం గట్టిపడదు, చాలావరకు ఆ గుర్తులు ఒక తరంలోనే పోతాయి. ఎండని తట్టుకోవాలంటే రాగోలు రీసెర్చ్ స్టేషన్ వాళ్ళనే అడగండి.

ఇంటర్ సెకండియర్:
అన్నా ఒక డౌట్. బీసీఎల్11ఏ వల్లే గామా ఆగుతోంది అంటున్నారు కదా, క్రిస్పర్‌తో (డీఎన్‌ఏని కావలసిన చోట కోసే పద్ధతి) ఆ జీన్‌నే కోసి పడేస్తే అయిపోద్ది కదా?

నాగావళి గట్టు:
@ఇంటర్ సెకండియర్ మంచి డౌట్ తమ్ముడూ, ఇక్కడే అసలు తెలివి ఉంది. బీసీఎల్11ఏ ఒక్క రక్తకణాల్లోనే లేదు. మెదడు ఎదుగుదలకి కావాలి, రోగనిరోధకానికి పనికొచ్చే బీ కణాలకి కావాలి, రక్తం పుట్టించే మూలకణాలకి కూడా కావాలి. మొత్తం కోస్తే ఒకటి బాగుచేయబోయి మూడు చెడగొట్టినట్టు. 2013లో డాన్ బావర్, ఆర్కిన్ వాళ్ళు ఆ జీన్ లోపల ఒక చిన్న భాగం కనిపెట్టారు, ఎన్‌హాన్సర్. అది ఎర్రకణాలు తయారయ్యే దారిలో మాత్రమే ఆ జీన్‌ని నడుపుతుంది. అక్కడ కోస్తే ఎర్రకణాల్లోనే బీసీఎల్11ఏ తగ్గుతుంది, మిగతా చోట్ల మామూలుగా ఉంటుంది. 2023 నవంబర్‌లో బ్రిటన్, డిసెంబర్‌లో అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్స సరిగ్గా ఇదే. సికిల్ తెచ్చే బీటా జీన్‌ని అసలు ముట్టుకోదు.

కోట జంక్షన్:
రేటు చూశాను. 22 లక్షల డాలర్లు. మన లెక్కలో 18 కోట్ల పైమాటే. సీతంపేట కొండ మీద ఉన్న సవర పిల్లాడికి ఎవడిస్తాడు?

నాగావళి గట్టు:
@కోట జంక్షన్ రేటు ఒక్కటే కాదు. రోగి మూలకణాలు తీసి, ల్యాబ్‌లో కోసి, పాత మజ్జని బుసల్ఫాన్ అనే గట్టి కీమోతో ఖాళీ చేసి, తిరిగి ఎక్కించాలి. వారాల తరబడి ఆస్పత్రి. పిల్లలు పుట్టకపోయే ప్రమాదం ఉంది. మన ఢిల్లీలో ఐజీఐబీ అనే ప్రభుత్వ జీనోమ్ పరిశోధన సంస్థ వాళ్ళు సొంత క్రిస్పర్ పద్ధతి మీద చాలా కాలంగా పనిచేసి 2025 నవంబర్‌లో బిర్సా 101 అని ప్రకటించారు, ఖర్చు బాగా తగ్గించాలన్నదే ఉద్దేశం. కానీ నన్నడిగితే మన కొండలకి కావలసింది నోటితో మింగే మాత్ర. గామా దగ్గర అడ్డాన్ని మాత్రమే లేపే మాత్ర. దాని కోసం కొట్టుకునేవాళ్ళలో మేమూ ఒకళ్ళం. అది వచ్చేదాకా హైడ్రాక్సీయూరియా స్టాక్ పీహెచ్‌సీలో నిండుకోకుండా ఉంటే అదే పెద్ద విషయం.

సాలూరు ఘాట్:
ఆ చివరి లైన్‌కి వంద లైకులు.

పార్వతీపురం అమ్మ:
ఇంకొక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. మాకు రెండో పాప ఉంది, ఇప్పుడు నాలుగో నెల. క్యాంపులో సాల్యుబిలిటీ టెస్ట్ చేసి నెగెటివ్ అన్నారు. అంటే పాపకి లేనట్టేనా?

సాలూరు ఘాట్:
లేనట్టని అనుకోవద్దక్కా. నాలుగో నెలలో ఆ టెస్ట్‌ని నమ్మడానికి లేదు. పై పోస్టుల్లో తమ్ముడు రాశాడు చూడండి, ఆ వయసులో ఇంకా ఫీటల్ హిమోగ్లోబినే ఎక్కువ, సికిల్ హిమోగ్లోబిన్ కొంచెమే ఉంటుంది, ట్యూబ్‌లో కనపడదు. పాపకి హెచ్‌పీఎల్‌సీ చేయించాలి. అందులో కొంచెం ఉన్నా కనిపిస్తుంది. ఏడాది దాటాక ఇంకోసారి చేయిస్తే జబ్బా, క్యారియరా పక్కాగా తెలుస్తుంది. వచ్చేటప్పుడు బాబు కార్డు, మీ ఇద్దరి రిపోర్టులు తీసుకురండి. రిపోర్ట్ చేతికొచ్చే దాకా పాపకి జ్వరం వస్తే మాత్రం ఆగకండి.

పార్వతీపురం అమ్మ:
ఆయన రిపోర్ట్ లేదండి, ఆయన టెస్టే చేయించుకోలేదు. సోమవారం ఇద్దరినీ తీసుకొస్తాను.